తట్టు, వేపమండ, మంచుపెట్టె

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది 1984 పదో తరగతి బ్యాచ్. ముప్ఫై ఏళ్ళు దాటింది, చలి యంత్రాల పనిలో ఉన్నాను. కోల్డ్ స్టోరేజీలు, ఐసు ఫ్యాక్టరీలు, మందుల గోదాములు. అందులో చాలా ఏళ్ళు టీకాలు దాచే పెట్టెలు బిగించడం, బాగుచేయడం నా పని. కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "అన్నా, నీ పని గురించి ఒక అరగంట చెప్పు" అన్నారు. నా పని గురించి చెప్పాలంటే తట్టు గురించి చెప్పాలి. ఇంగ్లీషులో మీజిల్స్ అంటారు, కొన్ని ఊళ్ళలో పొంగు అంటారు. జబ్బుల గురించి ఇంజినీరు మాట్లాడటమేమిటని అనుకోవచ్చు. మా బ్యాచ్ డాక్టరు ముందు వరుసలోనే ఉన్నాడు. తప్పు చెబితే లేచి నిలబడమని ముందే చెప్పి పెట్టాను.

ఈ హాల్లో యాభై దాటిన వాళ్ళందరికీ దాదాపుగా తట్టు వచ్చి పోయే ఉంటుంది. మనకు టీకా లేదు. దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది, మీజిల్స్ టీకా అందులో చేరింది. అంటే మా బ్యాచ్ బడి గేటు దాటిన మరుసటి ఏడు. మన చిన్నప్పుడు ఎండలు ముదిరే వేళకు తరగతిలో ఒకడు జ్వరంతో రాకపోయేవాడు. రెండు వారాలు తిరిగేసరికి బెంచీలకు బెంచీలు ఖాళీ. హాజరు పట్టీలో ఎర్ర సిరాతో గైర్హాజరు గుర్తులు వరుస కట్టేవి.

ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. "అమ్మవారు పోసింది" అంటే చాలు, బయటివాళ్ళు గడప తొక్కేవారు కాదు. ఇంట్లో పోపు పెట్టరు, మాంసం వండరు, పిల్లవాణ్ణి వేపాకులు పరిచిన పక్క మీద పడుకోబెడతారు. నీళ్ళు పోసే రోజు దాకా అదే వరుస. వీటన్నిటినీ మూఢనమ్మకమని కొట్టిపారేసే వాళ్ళలో నేను లేను. వేపమండ వైరస్‌ను చంపదు. అయితే గుమ్మానికి కట్టిన వేపమండ ఒక బోర్డు. "లోపల జబ్బు ఉంది, రావద్దు" అని చదువురాని వాళ్ళకు కూడా అర్థమయ్యే బోర్డు. మునిసిపాలిటీ వాళ్ళు అంటించే ఏ కాగితానికీ అంత విలువ ఉండేది కాదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే తిండి దగ్గర. జ్వరంతో, విరేచనాలతో నీరసించిన పిల్లవాడికి పప్పు లేదు, గుడ్డు లేదు, పాలు కూడా కొన్ని ఇళ్ళలో పోసేవారు కాదు. ఆస్పత్రికి తీసుకెళ్తే అమ్మవారికి కోపం వస్తుందని ఇంకో భయం. మా తరగతి మిత్రుడొకడికి రెండేళ్ళ తమ్ముడు ఉండేవాడు. ఇంట్లో అందరికీ వచ్చినట్టే వాడికీ తట్టు వచ్చింది, వారంలో దద్దుర్లు మాడిపోయాయి, నీళ్ళు పోశారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నెల తిరగకముందే దగ్గు, ఎగశ్వాసతో ఆ పిల్లవాడు పోయాడు. "తట్టు తగ్గాకే గదా పోయిండు, ఇది వేరే జబ్బు" అన్నారు ఊళ్ళో. చాలా ఊళ్ళలో అలాగే అన్నారు. అందుకే తట్టు ఎంతమందిని తీసుకుపోయిందో మన పెద్దల లెక్కల్లో ఎప్పుడూ తక్కువే పడింది.

అది వేరే జబ్బు కాదు. మన ఒంట్లో ఒక కాపలా వ్యవస్థ ఉంటుంది. ఇదివరకు వచ్చి పోయిన ప్రతి క్రిమినీ గుర్తుపెట్టుకుని, మళ్ళీ వస్తే గేటు దగ్గరే పట్టుకుంటుంది. మీజిల్స్ వైరస్ నేరుగా ఆ కాపలావాళ్ళ మీదే పడుతుంది, వాళ్ళ జ్ఞాపకాన్ని తుడిచేస్తుంది. 2019లో 'సైన్స్' పత్రికలో అచ్చయిన పరిశోధనలో, తట్టు వచ్చి తగ్గిన పిల్లల రక్తాన్ని ముందూ వెనకా పరీక్షించారు. పాత జబ్బుల మీద వాళ్ళకున్న రక్షక కణికల్లో, అంటే యాంటీబాడీల్లో, 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయి. మన వాచ్‌మన్ తాతకు ఊళ్ళో దొంగలందరి ముఖాలూ తెలుసు. ఒక రాత్రి ఆయనకు మతిమరుపు వచ్చిందనుకోండి. ఆ తర్వాత జరిగే దొంగతనాలన్నీ ఆ ఒక్క రాత్రి ఖాతాలోవే. న్యుమోనియా, విరేచనాలు, చెవిలో చీము, కంటి చూపు పోవడం ఇవన్నీ ఆ ఖాతాలోవే. వెయ్యి మందిలో ఒకరికి మెదడు వాపు. చాలా అరుదుగా, తట్టు తగ్గిన ఏడెనిమిదేళ్ళకు మెదడు మెల్లగా దెబ్బతినే ఇంకో జబ్బు. దానికి మందు లేదు.

టీకా రాకముందు ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 26 లక్షల మంది తట్టుతో చనిపోయేవారు. 2023లో ఆ సంఖ్య లక్షా ఏడు వేల దాకా ఉంది. ఎక్కువమంది ఐదేళ్ళ లోపు పిల్లలే. తగ్గింది, నిజమే. ఆ లక్షా ఏడు వేల మంది మాత్రం, అరవై ఏళ్ళుగా టీకా ఉన్న జబ్బుతో పోయినవాళ్ళు.

జబ్బును గుర్తుపట్టడం గురించి రెండు ముక్కలు. మొదట జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం. అప్పుడు అది మామూలు జలుబులాగే ఉంటుంది. నోట్లో బుగ్గల లోపలి వైపు ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లని చుక్కలు కనబడితే అది తట్టే. 1896లో కోప్లిక్ అనే అమెరికా పిల్లల డాక్టరు దీన్ని రాసిపెట్టాడు, నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ తర్వాత చెవుల వెనక నుంచి, ముఖం మీద ఎర్రని దద్దుర్లు మొదలై మెడ, ఛాతీ, కాళ్ళ దాకా దిగుతాయి. నీటి పొక్కులుంటే అది ఆటలమ్మ, వేరే జబ్బు. అసలు చిక్కేమిటంటే, దద్దుర్లు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచే ఆ పిల్లవాడు జబ్బును పంచుతుంటాడు. మనం వేపమండ కట్టేసరికే నాలుగు రోజులు ఆలస్యం. దగ్గినప్పుడు గాలిలో కలిసిన వైరస్ ఆ పిల్లవాడు గది వదిలి వెళ్ళాక కూడా రెండు గంటల దాకా ఉంటుంది. రక్షణ లేని పదిమంది దగ్గరగా మసలితే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. మనకు తెలిసిన అంటువ్యాధుల్లో దీనికి మించి పాకేది లేదనే చెప్పాలి.

ఈ పాకే పద్ధతిని మొదట లెక్కగట్టినవాడు పానమ్ అనే డెన్మార్క్ డాక్టరు. 1846లో అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు చెలరేగింది. ప్రభుత్వం ఈ పాతికేళ్ళ కుర్రాణ్ణి పంపింది. పడవ ఎక్కి దీవి దీవికీ, పల్లె పల్లెకూ తిరిగాడు. ఎవరికి ఏ రోజు దద్దుర్లు వచ్చాయి, అంతకు ముందు వాళ్ళు ఏ రోజు ఎవరిని కలిశారు అని అడిగి రాసుకున్నాడు. సూక్ష్మక్రిములే జబ్బులకు కారణమని ఇంకా ఎవరూ రుజువు చేయని రోజులవి. అయినా అంటుకున్న పద్నాలుగో రోజు ప్రాంతంలో దద్దుర్లు వస్తాయని నోటుపుస్తకంతోనే తేల్చాడు. సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా మంచం పట్టారు. అయితే అరవై అయిదేళ్ళ కిందట, 1781లో ఒకసారి తట్టు వచ్చి వెళ్ళింది. అప్పుడు వచ్చి బతికిన ముసలివాళ్ళలో ఒక్కరికీ ఈసారి రాలేదు. ఒకసారి వస్తే జన్మంతా రక్ష అని అక్కడ తెలిసింది. ఇంజినీరుగా నాకు ఆ మనిషి అంటే భక్తి. చేతిలో ఏ పరికరమూ లేదు. అడిగాడు, రాశాడు, కూడాడు.

ఒకసారి వస్తే జన్మంతా రక్ష అయితే, జబ్బు రాకుండానే ఆ రక్షను ఇవ్వలేమా అన్నదే టీకా. 1954లో బోస్టన్ దగ్గర ఒక హాస్టలు బడిలో తట్టు వచ్చింది. ఎండర్స్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేసే పీబుల్స్ అనే యువ డాక్టరు అక్కడికి వెళ్ళి పిల్లల రక్తం తీసుకున్నాడు. ఎడ్మన్‌స్టన్ అనే కుర్రాడి రక్తంలో వైరస్ దొరికింది. దాన్ని ప్రయోగశాలలో పెంచి పెంచి, పస తగ్గించి, 1963లో టీకా తెచ్చారు. మన దేశంలో పిల్లలకు వేసే టీకాలో ఉన్నది కూడా ఆ వంశంలోదే, ఎడ్మన్‌స్టన్-జాగ్రెబ్ అని రాసి ఉంటుంది. పూర్వ విద్యార్థుల సభ కాబట్టి చెబుతున్నాను. ఒక బడి పూర్వ విద్యార్థి పేరు ఇన్ని కోట్ల సీసాల మీదికి ఎక్కడం ఇంకెక్కడా వినలేదు.

ఇక్కడి నుంచి నా పని మొదలవుతుంది. ఆ సీసాలో ఉన్నది ప్రాణమున్న వైరస్, బలహీనపరిచినది. వేడి తగిలితే చస్తుంది. చచ్చిన వైరస్‌ను సూదితో ఎక్కిస్తే పిల్లకు నొప్పి తప్ప ఏమీ మిగలదు. పైగా కార్డులో "టీకా వేశాం" అని ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అబద్ధం అదే. అందుకని తయారైన చోటి నుంచి పిల్ల భుజం దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పెద్ద గోదాము నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి నర్సమ్మ భుజానికి తగిలించుకున్న నీలం డబ్బాలోకి. దీన్నే కోల్డ్ చైన్ అంటారు. గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా గొలుసు ఊడినట్టే.

ఆరోగ్య కేంద్రంలో ఉండే పెట్టె మన ఇంటి ఫ్రిజ్‌లా నిలువుగా ఉండదు. పడుకోబెట్టిన పెట్టె, మూత పైన. ఎందుకంటే చల్లగాలి బరువు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయగానే చల్లగాలి మీ పాదాల మీదికి జారిపోవడం గమనించే ఉంటారు. పైమూత పెట్టెలో గాలి బావిలో నీళ్ళలా అడుగునే ఉంటుంది. గోడల లోపల చుట్టూ మంచు పలకలో, నీటి గొట్టాలో ఉంటాయి. కరెంటు ఉన్నప్పుడు అవి గడ్డకడతాయి, పోయినప్పుడు మెల్లగా కరుగుతూ లోపలి చలిని కాపాడతాయి. బయట 43 డిగ్రీల ఎండలో కూడా, మూత తీయకపోతే, కనీసం ఇరవై గంటలు నిలబెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ షరతు. మన పెద్దపల్లి, కరీంనగర్ వైపు మే నెల ఎండకు ఈ షరతు సరిగ్గా సరిపోతుంది.

అయితే అందరూ వేడి గురించే భయపడతారు. నేను చూసిన పెట్టెల్లో సగం ఇబ్బంది ఎక్కువ చలితో. ఎవరో మంచి మనసుతో, "ఎండాకాలం గదా" అని రెగ్యులేటర్ చివరిదాకా తిప్పుతారు. మీజిల్స్ పొడి గడ్డకట్టినా తట్టుకుంటుంది. దాన్ని కలపడానికి ఇచ్చే నీళ్ళ గాజు గొట్టం పగిలిపోతుంది. అదే పెట్టెలో ఉన్న కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకాలు గడ్డకడితే మాత్రం ఇక పనికిరావు. పైకి చూస్తే తేడా తెలియదు. ఒకచోట టీకాల పెట్టెలో సిబ్బంది మజ్జిగ సీసాలు దొరికాయి. ఏ ఊరో చెప్పను. మజ్జిగ చెడ్డదని కాదు, ఒక్కొక్కరు సీసా తీసుకోవడానికి మూత ఎత్తినప్పుడల్లా మీటరు ఒక డిగ్రీ ఎక్కుతుంది. ఇప్పుడు కొంత మెరుగు. 2015 నుంచి మొదలైన ఈ-విన్ పద్ధతిలో పెట్టెలో చిన్న యంత్రం పెట్టి, ఉష్ణోగ్రత హద్దు దాటితే బాధ్యుల ఫోన్‌కు సందేశం పోయేలా చేశారు. రాత్రి రెండు గంటలకు ఆ సందేశం చూసుకుని, ఇంట్లోంచి లేచి, బండి మీద ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి జనరేటర్ వేసిన ఫార్మసిస్టులు నాకు తెలుసు. వాళ్ళకు శాలువాలు కప్పే సభలు ఉండవు.

సీసా మూత మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది. వలయంలో చదరం. చదరం తెల్లగా ఉంటే టీకా బాగున్నట్టు. వేడి తగిలినకొద్దీ నల్లబడుతుంది, చుట్టూ ఉన్న వలయం రంగుతో కలిసిపోతే పారేయాలి. తల్లులు అడిగి చూడవచ్చు. చూపించమని అడిగితే మంచి నర్సమ్మ సంతోషిస్తుంది. మీజిల్స్ సీసాకు ఆ గుర్తు మూత మీదే ఎందుకుంటుందంటే, మూత తీసి నీళ్ళు కలిపాక ఇక గుర్తును నమ్మకూడదు. కలిపిన టీకాను చల్లగా ఉంచి నాలుగు గంటల్లోపు వాడాలి. మిగిలితే పారబోయాలి. ఒక సీసాలో ఐదుగురికో పదిమందికో సరిపడా ఉంటుంది. ఒక్క పిల్లే వస్తే సీసా తెరవాలా, తొమ్మిది మోతాదులు వృథా కదా అని వెనక్కి పంపే చోట్లు ఉన్నాయి. నేను లెక్కల మనిషిని, వృథా అంటే నాకూ మంటే. కానీ ఇది తప్పుడు లెక్క. కూలి మానుకుని వచ్చిన తల్లి రెండోసారి రాదు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలి.

ఆ కలిపే నీళ్ళ దగ్గర ఒక్క తప్పు జరిగితే ఎంత దూరం పోతుందో సమోవా చూపించింది. పసిఫిక్ సముద్రంలో రెండు లక్షల జనాభా ఉన్న దేశం అది. 2018 జూలైలో ఇద్దరు పసిపిల్లలు టీకా వేసిన నిమిషాల్లో చనిపోయారు. టీకాలో దోషం లేదు. నీళ్ళకు బదులు, ఆపరేషన్లప్పుడు కండరాలను సడలించే మందు కలిపారు. నర్సులిద్దరికీ జైలు శిక్ష పడింది. ప్రభుత్వం టీకాలు నెలల తరబడి ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టినా తల్లులు రాలేదు, ఎలా వస్తారు? టీకా పడిన పిల్లలు మూడో వంతుకు పడిపోయారు. 2019లో బయటి నుంచి తట్టు వచ్చింది. 5,700 మందికి పైగా జబ్బుపడ్డారు, 83 మంది చనిపోయారు, దాదాపు అందరూ పసివాళ్ళే. నవంబరులో అత్యవసర పరిస్థితి పెట్టి బడులు మూసేశారు. డిసెంబరు మొదటి వారంలో రెండు రోజులు ప్రభుత్వ కార్యాలయాలు కూడా మూసి, ఉద్యోగులందరినీ ఇంటింటికీ టీకాలు వేసే పనికి పంపారు. టీకా పడని వాళ్ళున్న ఇంటి ముందు ఎర్ర గుడ్డ కట్టమన్నారు. ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు మన వేపమండలే గుర్తొచ్చాయి. మనం జబ్బు వచ్చాక కట్టేవాళ్ళం, వాళ్ళు రాకముందు కట్టారు. తేడా అంతే, కానీ ఆ తేడాలోనే అంతా ఉంది.

ఇప్పుడు పదో తరగతి లెక్క ఒకటి. పిల్లలూ, మీరు కూడా చేయండి. తట్టు వచ్చిన ఒక్కడు, ఎవరికీ రక్షణ లేని ఊళ్ళో, సుమారు పదిహేనుమందికి అంటిస్తాడు. అది ఒకరి కంటే తక్కువకు తగ్గితేనే జబ్బు ఆరిపోతుంది. అంటే పదిహేనుమందిలో పద్నాలుగుమందికి రక్షణ ఉండాలి. నూటికి తొంభై మూడు పైన. అందుకే డాక్టర్లు 95 అంటారు. ఇప్పుడు ఒక ఊళ్ళో నూటికి తొంభైమందికి తొమ్మిదో నెల టీకా వేశారనుకుందాం. ఆ వయసులో ఒక్క మోతాదు నూటికి 85 మందిలోనే పట్టుకుంటుంది. తొంభైలో 85 శాతం అంటే 76. ఇరవై నలుగురు పిల్లలు బయటే ఉన్నారు. మరుసటి ఏడు ఇంకో ఇరవై నలుగురు. నాలుగేళ్ళకు దాదాపు వందమంది, అంటే ఒక ఏడు పుట్టిన పిల్లలంతమంది, గుమిగూడతారు. మధ్యలో జబ్బు కనబడకపోతే ఊరంతా నిశ్చింతగా ఉంటుంది. తర్వాత ఒకడు జ్వరంతో పెళ్ళికి వస్తాడు. ఈ ఖాళీ నింపడానికే పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండో మోతాదు. రెండూ పడితే నూటికి 97 మందికి రక్ష. మన కుటుంబాల్లో చాలామంది మొదటిది వేయించి, రెండోది మరిచిపోతున్నారు. బిడ్డ నడవడం మొదలుపెడితే కార్డు బీరువాలోకి పోతుంది.

మా పనిలో గొట్టం ఎక్కడ కారుతోందో కంటికి కనబడదు. నైట్రోజన్ గ్యాసు నింపి, ఒత్తిడి పెంచి, అతుకుల మీద సబ్బు నురగ రాస్తాం. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ రంధ్రం. తట్టు ఊరికి ఆ సబ్బు నురగలాంటిది. ప్రభుత్వ రికార్డులో ఎంత శాతమని రాసినా, అది ఎక్కడ లేస్తే అక్కడ పిల్లలు వదిలిపోయారని అర్థం. 2022 చలికాలంలో ముంబయి గోవండి మురికివాడల్లో బుడగ లేచింది, చిన్నపిల్లలు చనిపోయారు. 2025లో అమెరికాలో, తట్టు లేదని 2000లోనే ప్రకటించుకున్న దేశంలో, పశ్చిమ టెక్సస్‌లో లేచింది. ఒక్క ఆ రాష్ట్రంలోనే 750 మందికి పైగా, ఇద్దరు బడిపిల్లల మరణం. ఆ ఇద్దరికీ టీకా లేదు. అక్కడివాళ్ళకు డబ్బు లేక కాదు, ఫ్రిజ్ లేక కాదు. 1998లో వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు పన్నెండుమంది పిల్లల్ని చూపించి, ఈ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టాడు. ఆ వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, ఆయన వైద్య పట్టా పోయింది. అయినా ఆ మాట చావలేదు. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో బడి బడికీ మీజిల్స్-రుబెల్లా టీకాలు వేసినప్పుడు, మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కూడా తిరిగింది. పంపినవాళ్ళు ఎవరో నాకు తెలుసు, ఈ హాల్లోనే ఉన్నారు, మధ్యాహ్నం కలిసి భోంచేస్తాం. ఆ మాట మళ్ళీ వస్తే దయచేసి ముందుకు పంపకండి, అంతే.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక ముఖ్యమైన మాట. అక్కడ మొదటి మోతాదు పన్నెండో నెల తర్వాత. మీరేమో ఆరో నెలలో, ఎనిమిదో నెలలో అన్నప్రాసనకని, తాతానానమ్మలకు చూపించాలని బిడ్డను తీసుకొస్తారు. ఆ వయసుకు తల్లి నుంచి వచ్చిన రక్షణ తరిగిపోతూ ఉంటుంది. ఆరు నుంచి పదకొండు నెలల మధ్య బిడ్డతో విదేశం వెళ్ళేవాళ్ళు ప్రయాణానికి ముందే ఒక మోతాదు వేయించాలని అక్కడి ఆరోగ్య శాఖే చెబుతుంది. అడగనిదే చాలామంది డాక్టర్లు గుర్తుచేయరు. అది అదనపు మోతాదు, పన్నెండో నెల తర్వాత మామూలు రెండూ వేయించాల్సిందే.

జబ్బు వచ్చేస్తే ఏం చేయాలి? వైరస్‌ను చంపే మందు లేదు. కానీ విటమిన్ ఏ ఉంది. ఏడాది దాటిన బిడ్డకు రెండు లక్షల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలల బిడ్డకు లక్ష, అంతకంటే చిన్నవాళ్ళకు యాభై వేలు. వరసగా రెండు రోజులు, డాక్టరు చెప్పినట్టు. కళ్ళు కాపాడుతుంది, ప్రాణమూ కాపాడుతుంది. టీకాకు మాత్రం అది బదులు కాదు. వేపాకులు పక్క మీద పరుచుకోండి, నాకు అభ్యంతరం లేదు. పప్పన్నం పెట్టండి, గుడ్డు పెట్టండి, పాలు మాన్పకండి, నీళ్ళు బాగా తాగించండి. ఊపిరి వేగంగా ఆడినా, డొక్కలు ఎగరేసినా, మత్తుగా పడుకున్నా, ఫిట్స్ వచ్చినా ఆ గంటే ఆస్పత్రికి. దద్దుర్లు వచ్చాక కనీసం నాలుగు రోజులు బడికి పంపొద్దు. ఆశా కార్యకర్తకు చెప్పండి, దాచొద్దు. ఆమెకు తెలిస్తే చుట్టుపక్కల పిల్లలకు మూడు రోజుల్లోపు టీకా వేయవచ్చు. రోగితో మసలిన 72 గంటల్లోపు పడితే చాలాసార్లు జబ్బు రాకుండా ఆపుతుంది.

ఇక చివరి విషయం. దీని కోసమే నేను ఈ ఉదయం మైకు పట్టుకున్నాను. దేశం 2026 చివరికి తట్టును, రుబెల్లాను లేకుండా చేస్తామని గడువు పెట్టుకుంది. మన మండలంలో సబ్బు నురగ ఎక్కడ లేస్తుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇటుక బట్టీల దగ్గర. దసరా, దీపావళి దాటాక ఒడిశా నుంచి, బలంగీర్, నువాపాడ వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. వానాకాలం ముందు వెళ్ళిపోతాయి. పిల్లల కార్డులు అక్కడి గుడిసెలో ఉంటాయి. మన నర్సమ్మ జాబితాలో వాళ్ళ పేర్లుండవు, వాళ్ళ ఊరి జాబితాలో "ఊళ్ళో లేరు" అని ఉంటుంది. రెండు జాబితాల మధ్య పిల్ల జారిపోతుంది. ఆ పిల్ల దగ్గే మన అంగన్‌వాడీకి, మన సంతకు, మన బస్సుకు వస్తుంది. మన పిల్లల కోసమే చేయమని నేను అడగడం లేదు, వాళ్ళ పిల్లల కోసం చేసినా చాలు. బట్టీలో పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తులు ముందే పొగతో నిండి ఉంటాయి. తట్టు తర్వాత వచ్చే న్యుమోనియాకు అలాంటి బిడ్డ ఎదురు నిలబడలేదు.

మన సంఘంలో నాకు తెలిసి ఆరుగురికి బట్టీలున్నాయి. అన్నా, మిమ్మల్ని నిందించడానికి కాదు. టీకా రోజున ముకద్దంతో చెప్పి పిల్లల్ని ఒకచోట చేర్చండి. ఆ పూట తల్లి పని ఆగితే కూలి కోయకండి. కార్డు లేదని ఎవర్నీ వదలక్కర్లేదు. ఇదివరకు పడి ఉన్నా, ఇంకోసారి పడితే నష్టం లేదు. మా బ్యాచ్ డాక్టరు తల ఊపుతున్నాడు, సంతోషం. నర్సమ్మ అంత దూరం నీలం డబ్బా మోసుకుని బస్సు కోసం నిలబడే బదులు, మన కారు ఒకటి పంపితే ఐసు కరిగేలోపు రెండు బట్టీలు అదనంగా చూస్తుంది. పెట్టె సంగతి, స్టెబిలైజర్ సంగతి నాకు వదిలేయండి. ఫోన్ చేస్తే హైదరాబాద్ నుంచి వస్తాను.

మన ఆరోగ్య కేంద్రం నర్సమ్మ గారు, ఇద్దరు ఆశా కార్యకర్తలు నా మాట మన్నించి వచ్చారు. భోజనాల షామియానా పక్కన బల్ల వేసుకుని కూర్చుంటారు. బట్టీలున్నవాళ్ళు బట్టీ ఉన్న చోటు, అక్కడున్న ఐదేళ్ళలోపు పిల్లల లెక్క సుమారుగానైనా రాయించండి. అందరూ రాయించాక వచ్చే వారం ఏ బట్టీకి ఏ రోజు పోవాలో అక్కడే ఖాయం చేద్దాం. రెండో మోతాదు గుర్తులేని మనవళ్ళున్న వాళ్ళు కూడా అదే బల్ల దగ్గరికి రండి. భోజనం ఒంటిగంటకు, బల్ల పన్నెండున్నరకే వేస్తారు.